రీజెన్సీ నవల, రెసిడెన్సీ మేడ

ఆదివారం పూట అబిడ్స్‌లో షట్టర్లు దించి ఉంటాయి. వారమంతా బట్టలూ బూట్లూ అమ్మే దుకాణాల ముందు, ఫుట్‌పాత్ పొడుగునా పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. ఎంసెట్ గైడ్లు, అట్టలు ఊడిన డిక్షనరీలు, ఏ ఇంట్లోనో పెద్దాయన పోయాక బయటపడ్డ రష్యన్ అనువాదాలు. వీటన్నిటి మధ్యా ఎప్పుడు వెళ్లినా ఒక గుట్ట తప్పకుండా ఉంటుంది. అట్ట మీద భుజం జారిన పట్టు గౌనులో ఒక అమ్మాయి, మెడ దగ్గర గుండీలు విప్పిన తెల్ల చొక్కాలో ఒక అబ్బాయి, వాళ్ల వెనక పొడవాటి స్తంభాల మేడ, మేడ మీద వెన్నెల. "ఏదైనా యాభై, అమ్మా" అంటాడు అమ్మే కుర్రాడు. చదివి తిరిగిచ్చేస్తే సగం డబ్బులు వెనక్కిస్తాడు. 

నేనుండేది లక్డీకాపూల్‌లో. మెట్రో ఎక్కితే మధ్యలో అసెంబ్లీ, ఆ తర్వాత నాంపల్లి. అక్కడ దిగి స్టేషన్ రోడ్డు పట్టుకుని నడిస్తే కాసేపట్లో ఆ గుట్ట దగ్గర ఉంటాను. ఎన్నో ఏళ్లుగా నా ఆదివారాలు ఇలాగే మొదలవుతున్నాయి. ఈ నవలలంటే నాకు ప్రాణం. కోఠి ఉమెన్స్ కాలేజీలో చదివే రోజుల్లో, ఒక్క పుస్తకాన్ని హాస్టల్లో ఆరుగురం వంతులేసుకుని చదివేవాళ్లం. పైన పాత పేపరుతో అట్ట వేసి, దాని మీద 'ఎకనామిక్స్' అని రాసి పెట్టేవాళ్లం. వార్డెన్ కోసం కాదు, ఆ బొమ్మ చూసి లోపలి కథని తక్కువ చేసి మాట్లాడేవాళ్ల కోసం. ఆ పేరు కూడా పూర్తిగా అబద్ధం కాదని తర్వాత అర్థమైంది. డబ్బు, ఆస్తి, కట్నం, వారసత్వం: ఆ కథలన్నీ తిరిగేది వీటి చుట్టూనే.

ఈ మధ్య ఆ గుట్టలో ఒక రకం పుస్తకాలు ఎక్కువ కనిపిస్తున్నాయి. కాలం ఇంగ్లండ్‌లో రీజెన్సీ నాటిది. కథ మాత్రం మనం చిన్నప్పుడు విన్నదే. సిండరెల్లా, బ్యూటీ అండ్ ద బీస్ట్, నిద్రపోయిన రాకుమారి. రాకుమారుడి స్థానంలో ఒక డ్యూకో, ఎర్లో. సవతి తల్లి మాత్రం సవతి తల్లే.

తొమ్మిదేళ్ల కాలం

రీజెన్సీ అంటే నిజానికి చాలా చిన్న కాలం. మూడో జార్జి రాజుకి మతి చలించడంతో 1811 ఫిబ్రవరిలో ఆయన కొడుకు ప్రిన్స్ రీజెంట్‌గా పగ్గాలు పట్టాడు. 1820 జనవరిలో తండ్రి పోయి తనే రాజయ్యేదాకా నడిచింది అది. తొమ్మిదేళ్లు. నెపోలియన్‌తో యుద్ధాలు, వాటర్లూ, పక్కనే లండన్‌లో బాల్ డ్యాన్సులు. జేన్ ఆస్టిన్ 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' 1811లో వచ్చింది, 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813 జనవరిలో వచ్చింది. ఆస్టిన్ తన కాలం గురించి రాసింది. ఆ కాలాన్ని వెనక్కి తిరిగి చూసి నవలగా అల్లే పద్ధతిని స్థిరపరచింది జార్జెట్ హేయర్. 1935లో 'రీజెన్సీ బక్'తో మొదలుపెట్టి దశాబ్దాల పాటు రాసింది. ఏ బండికి ఎన్ని గుర్రాలు, ఏ పూటకి ఏ టోపీ, ఏ వీధి కుర్రాడు ఏ యాస మాట్లాడతాడు అన్నీ నోటుపుస్తకాల్లో రాసిపెట్టుకునేదట. ఇవాళ అబిడ్స్‌ గుట్టలో ఉన్న ప్రతి పుస్తకానికీ ఆ నోటుపుస్తకాలే అమ్మమ్మలు.

నన్ను ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. గ్రిమ్ సోదరులు జర్మనీలో కథల మొదటి సంపుటం అచ్చువేసింది కూడా ఆ రోజుల్లోనే, 1812 చివర్లో. అంటే 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నాయిక ఎలిజబెత్ బెనెట్ అచ్చులోకి రావడానికీ, సిండరెల్లా గ్రిమ్ వాళ్ల చేతిలో కాగితం మీదికి ఎక్కడానికీ మధ్య కొన్ని వారాలే తేడా. రెండు వందల ఏళ్ల తర్వాత వచ్చిన రచయిత్రులు ఆ రెండింటినీ ఒక చోట కూర్చారు.

ఎలా కూర్చారో చూడండి. జూలియా క్విన్ 2001లో రాసిన 'యాన్ ఆఫర్ ఫ్రమ్ ఎ జెంటిల్‌మన్' తీసుకుందాం. నెట్‌ఫ్లిక్స్‌లో బ్రిడ్జర్‌టన్ చూసినవాళ్లకి బెనడిక్ట్ కథగా తెలుసు. సోఫీ ఒక ఎర్ల్‌కి పెళ్లి కాకుండా పుట్టిన కూతురు. తండ్రి పోయాక సవతి తల్లి ఆమెని పనిమనిషిని చేస్తుంది. ఒక్క రాత్రి మాస్కు పెట్టుకుని వెండి రంగు గౌనులో బాల్‌కి వెళ్తుంది. అర్ధరాత్రి పారిపోతూ వదిలేసింది గాజు చెప్పు కాదు, చేతి గ్లవ్. ఇంతవరకూ మనకి తెలిసిన కథే. ఆ తర్వాతే నవల మొదలవుతుంది. ఆమె తల్లికి పెళ్లి కాలేదు కాబట్టి బెనడిక్ట్ ఆమెని పెళ్లి చేసుకోవడం ఆ సమాజంలో జరగని పని. ఉంచుకుంటానంటాడు. ఆమె ఒప్పుకోదు. తన తల్లి బతుకు తన పిల్లలకి రాకూడదు అంటుంది. అద్భుత కథలో సిండరెల్లాకి చెప్పు సరిపోతే చాలు. ఇక్కడ ఆమె 'కాదు' అనగలగాలి. నేను ఈ నవలల్ని గౌరవించేది అక్కడే.

ఎలోయిసా జేమ్స్ ఇంకో అడుగు ముందుకేసింది. ఆ పేరు కలం పేరు. అసలు మనిషి మేరీ బ్లై, న్యూయార్క్‌లోని ఫోర్డమ్ విశ్వవిద్యాలయంలో షేక్‌స్పియర్ పాఠాలు చెప్పే ప్రొఫెసర్, కవి రాబర్ట్ బ్లై కూతురు. 2010లో 'ఎ కిస్ ఎట్ మిడ్‌నైట్'తో వరసగా అద్భుత కథల నవలలు రాసింది. అందులో రాకుమారుడికి పెద్ద కోట ఉంది, ఆ కోటలో పోషించాల్సిన మనుషులు బోలెడంత మంది ఉన్నారు, చేతిలో డబ్బు లేదు. కాబట్టి అతనికి కట్నం తెచ్చే పిల్ల కావాలి. ఈ వాక్యం చదివి ఏ తెలుగు ఇంట్లో ఎవరు తల ఊపరు? మరుసటి ఏడు వచ్చిన 'వెన్ బ్యూటీ టేమ్‌డ్ ద బీస్ట్'లో మృగం ఒక డాక్టరు. వేల్స్‌లో ఒక కోటలో ఆసుపత్రి నడుపుతూ, కుంటికాలి నొప్పితో అందరి మీదా కసురుకుంటూ ఉంటాడు. మంత్రం వేసి మనిషిని మృగం చేసే పని ఇక్కడ నొప్పి చేస్తుంది.

పేదరాశి పెద్దమ్మ ఉండనే ఉంది

మనకి ఇవి కొత్తగా అనిపించకపోవడానికి కారణం ఉంది. మన రాకుమారుడు పరాయి నగరానికి వెళ్లగానే దిగేది పేదరాశి పెద్దమ్మ ఇంట్లో. పూలమాలలో చీటీ పెట్టి అంతఃపురానికి చేరవేసేది ఆవిడ, రాకుమారి మనసులో మాట తెచ్చేది ఆవిడ, ఎవరు ఎవరికి తగునో ముందే కనిపెట్టేదీ ఆవిడే. రీజెన్సీ నవలలో ఈ పని చేసేది ఒక విధవ మేనత్త. లండన్‌లో పెద్ద ఇల్లు, నోటి నిండా మాటలు, ఎవరి ఇంటికి ఎవరిని పిలవాలో నిర్ణయించే అధికారం. సిండరెల్లాలో మంత్రదండం పట్టిన దేవత కన్నా నాకు ఈ ఇద్దరూ ఇష్టం. ఎందుకంటే వీళ్ల దగ్గర మంత్రం లేదు, లోకజ్ఞానం ఉంది.

మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు మనకి పన్నెండు భాగాలుగా ఇచ్చి వెళ్లాడు. 'పాతాళభైరవి' సినిమాకి మూలం ఆ కథల్లోదే. తోటరాముడు రాకుమారిని చేసుకోవాలంటే ముందు రాజుతో సమానంగా సంపద తేవాలి. రీజెన్సీ తల్లులు కూడా అబ్బాయి ముఖం చూడకముందే ఏడాదికి ఎన్ని వేల పౌన్లు వస్తాయో కనుక్కుంటారు. మన పెళ్లిచూపుల్లో జీతం అడిగే పద్ధతే.

ఒక్క చోట మాత్రం తెలుగు పాఠకురాలు ఉలిక్కిపడుతుంది. వరసలు. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో లేడీ కేథరిన్ తన కూతుర్ని నాయకుడు డార్సీకిచ్చి చేయాలని పట్టుబడుతుంది. లేడీ కేథరిన్ ఎవరు? డార్సీ తల్లికి సొంత తోబుట్టువు. అంటే ఆ పిల్ల డార్సీకి చెల్లెలి వరస! 'మాన్స్‌ఫీల్డ్ పార్క్'లో ఫానీ చివరికి పెళ్లాడే ఎడ్మండ్ ఆమె తల్లి తోబుట్టువు కొడుకు, మన లెక్కలో అన్న. మేనబావకీ పెద్దమ్మ కొడుక్కీ తేడా ఇంగ్లిషులో లేదు, రెంటికీ ఒకటే మాట. హాస్టల్లో ఈ సంగతి మీద మేము ఒక రాత్రంతా వాదించుకున్నాం. మా గదిలో కరీంనగర్ పిల్ల ఒకతి ఆ నవల అక్కడే మూసేసి, మళ్లీ ముట్టుకోలేదు.

తెలుగులో ఈ జాతి నవల లేదా అంటే, కోటలూ డ్యూకులూ లేకుండా ఉంది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1960ల మధ్యలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆ తర్వాత 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. జయంతి మధ్యతరగతి పిల్ల, ఉద్యోగం చేస్తే గానీ గడవదు. రాజశేఖరం ఆరడుగుల మనిషి, కారు, మేడ, మాటలో దర్పం. ఆమె ఆత్మాభిమానం అతని అహంకారాన్ని ఢీకొనడమే కథ. ఆ పుస్తకం చదివిన మా అమ్మ తరం వాళ్లు డార్సీ పేరు వినకుండానే డార్సీని ఎరుగుదురు. వీధి చివర అద్దె లైబ్రరీలో రోజుకింత అని ఇచ్చి తెచ్చుకునేవాళ్లు. వంటింటి గట్టు మీద, పప్పు ఉడికేలోగా నాలుగు పేజీలు. రీజెన్సీ కాలపు ఇంగ్లండ్‌లో ఆడవాళ్లు కూడా నవలలు కొనుక్కుని చదివింది తక్కువ. పుస్తకం ఖరీదు వాళ్లకి అందేది కాదు, చందా కట్టి అద్దె లైబ్రరీల నుంచే మూడేసి సంపుటాలు తెచ్చుకునేవారు. ఆ లైబ్రరీల నవలలు చదివి ఆడపిల్లలు చెడిపోతారని పెద్దమనుషులు అక్కడా అన్నారు, ఇక్కడా అన్నారు.

చెడిపోవడం సంగతి అటుంచి, ఆ పిల్లలకి ఇంకో దారి ఏముందని నేను అడుగుతాను. ఆనాటి ఇంగ్లండ్‌లో పెళ్లయిన క్షణం నుంచి ఆడదాని డబ్బూ సంపాదనా భర్తవి. విడిగా పత్రాలు రాయించుకోగల పెద్దింటి వాళ్లకే కొంత రక్షణ. ఆ చట్టం 1870లో కొంతా, 1882లో మరింతా మారింది. మగవాళ్లకే చెందాలన్న షరతున్న ఎస్టేటైతే, కొడుకులు లేనప్పుడు ఎక్కడో ఉన్న మగ దాయాదికి పోయేది. బెనెట్ అక్కచెల్లెళ్ల ఇంటికి పట్టిన గతి అదే. మన దగ్గర ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం తెచ్చింది 1986లో. జయంతి కథ అచ్చయి అప్పటికి దాదాపు ఇరవై ఏళ్లు. ఆస్తి లేని పిల్లకి బతుకులో బేరమాడే అవకాశం ఒక్కసారే వస్తుంది, అది పెళ్లి. అందుకే ఆ ఒక్క ఘట్టం మీద మూడు వందల పేజీలు నిలబడతాయి. ఎవరు ముందు చూశారు, ఎవరు ఏ మాట అన్నారు, ఆ మాటకి అర్థం ఏమిటి. బతుకంతా దాని మీద ఆధారపడ్డప్పుడు ఒక చూపుకి పది పేజీలు ఎక్కువేమీ కాదు.

పుస్తకం అట్ట మీది మేడ

అబిడ్స్ గుట్ట నుంచి లేచి బ్యాంక్ స్ట్రీట్ మీదుగా కోఠి వైపు నడిస్తే ఆ అట్ట మీద బొమ్మ కళ్ల ముందే ఉంటుంది. కోరింథియన్ స్తంభాలు, మెట్లకి ఇరుపక్కలా సింహాలు, ముఖభాగం మీద ఈస్టిండియా కంపెనీ ముద్ర. ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. 1949 నుంచి అది ఉమెన్స్ కాలేజీ. అంతకు ముందు బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాం ఖర్చుతో, మద్రాస్ ఇంజనీర్ల దళంలోని శామ్యూల్ రసెల్ గీసిన నమూనాతో 1803లో కట్టడం మొదలైంది. కట్టించిన రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్.

అతని కథ ఈ నగరంలో చాలామందికి తెలుసు. 2002లో విలియం డాల్‌రింపుల్ 'వైట్ మొఘల్స్' రాశాక ప్రపంచానికీ తెలిసింది. కిర్క్‌పాట్రిక్ మొఘలాయి దుస్తులు వేసుకునేవాడు, హష్మత్ జంగ్ అనే బిరుదు పొందాడు. నిజాం కొలువులో పెద్ద కుటుంబానికి చెందిన ఖైరున్నీసా ఒక పెళ్లిలో తెర చాటు నుంచి అతన్ని చూసింది. అప్పటికే ఆమెకి మరొకరితో సంబంధం కుదిరింది. ఆమె అది వద్దంది. అతను ఇస్లాం స్వీకరించి నిఖా చేసుకున్నాడు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణలు జరిపించాడు. 1801లో కొడుకు సాహిబ్ ఆలం, 1802లో కూతురు సాహిబ్ బేగం.

రెసిడెన్సీ వెనకాల తోటలో ఆ మేడకే అచ్చంగా ఒక చిన్న నమూనా ఉంది. ఘోషాలో ఉన్న ఖైరున్నీసా మేడ ముందుభాగం చూడ్డానికి బయటికి రాలేదు కాబట్టి, ఆమె కోసం కిర్క్‌పాట్రిక్ దాన్ని కట్టించాడని చెప్పుకుంటారు. మేడ కట్టేటప్పుడు పనివాళ్ల కోసం చేసిన నమూనా అని వాదించేవాళ్లూ ఉన్నారు. మా కాలేజీ రోజుల్లో అది కూలి, తీగలు అల్లుకుని ఉండేది. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ పూనుకున్న మరమ్మతుల్లో మళ్లీ లేచి నిలబడింది. ఏ అద్భుత కథలోనైనా ఇంతకన్నా మంచి వస్తువు ఉందా? బొమ్మరిల్లంత మేడ, దాన్ని చూస్తూ అసలు మేడని ఊహించుకునే రాణి.

కథ ఇక్కడ ఆపేస్తే చక్కని రీజెన్సీ నవల. చాలాకాలం నేనూ ఇక్కడే ఆపేదాన్ని.

ఆపకూడదని అనిపించింది ఆమె వయసు గుర్తొచ్చినప్పుడు. తెర చాటు నుంచి చూసిన నాటికి ఖైరున్నీసాకి పద్నాలుగేళ్లో ఎంతో. అతనికి ముప్పై నాలుగు. ఆ తొలిరోజుల గురించి మనకు తెలిసిందంతా ఎక్కువగా అతను అన్నకు రాసుకున్న ఉత్తరాల నుంచి, విచారణ కాగితాల నుంచి. ఆమె ఏమనుకుందో ఆమె మాటల్లో లేదు. ఆనాడు లోకమంతా అంతే అనేవాళ్లున్నారు, నిజమే, 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో ఎలిజబెత్ చెల్లెలు లిడియా లేచిపోయేటప్పటికి దాని వయసు పదహారు. కానీ ఆస్టిన్ ఆ లేచిపోవడాన్ని ప్రేమ అనలేదు, ప్రమాదం అంది. ఇవాళ రీజెన్సీ నవలలు రాసేవాళ్లు నాయికకి ఇరవై దాటిస్తున్నారు. 'ముదిరిన పిల్ల' అని లోకం గేలిచేసే ఇరవై ఆరేళ్ల అమ్మాయిల్ని వెతికి మరీ నాయికల్ని చేస్తున్నారు. చరిత్రని తప్పుగా చూపిస్తున్నారని దీన్ని తప్పుపట్టేవాళ్లతో నేను ఏకీభవించను. సరే అనడానికీ కాదు అనడానికీ వయసు కావాలి కదా.

1805లో పిల్లల్ని ఇంగ్లండ్ పంపించేశారు. కొడుక్కి నాలుగేళ్లు, కూతురికి మూడు. ఓడ ఎక్కే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ వాళ్లిద్దరి బొమ్మ గీశాడు. హైదరాబాదీ దుస్తుల్లో, మెట్ల మీద నిలబడ్డ ఇద్దరు పిల్లలు. అక్కడి నుంచి కలకత్తా వెళ్లిన కిర్క్‌పాట్రిక్ ఆ అక్టోబర్ 15న చనిపోయాడు. ఖైరున్నీసాకి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవేమో. భర్త సమాధి చూడ్డానికి కలకత్తా వెళ్లింది. అక్కడ ఆమెకి దగ్గరైనవాడు రెసిడెన్సీలో కిర్క్‌పాట్రిక్ కింద పనిచేసిన హెన్రీ రసెల్. ఆ వార్త హైదరాబాదు చేరింది. సొంత బంధువు, దివాను మీర్ ఆలం ఆమెని ఊళ్లో అడుగు పెట్టనివ్వనన్నాడు. రసెల్ ఆమెని తల్లితో సహా మచిలీపట్నంలో దింపాడు. తర్వాత మద్రాసులో వేరే పిల్లని పెళ్లి చేసుకున్నాడు.

మచిలీపట్నం అనగానే నాకు గుండె ఆగినంత పనవుతుంది. మా అమ్మమ్మగారి ఊరు బందరుకి దగ్గరే. అక్కడ సముద్రపు గాలి సాయంకాలం ఎలా ఉంటుందో నాకు తెలుసు. సొంత ఊరికి తిరిగి వెళ్లలేని ఒక అమ్మాయి, భర్తని పోగొట్టుకుని, పిల్లలు ఏ ఓడలో ఏ దేశం చేరారో తెలియక, వస్తానన్న మనిషి కోసం ఎదురుచూస్తూ ఆ గాలిలో ఏళ్ల తరబడి కూచుంది. సోఫీ బెనడిక్ట్‌తో ఏ భయంతో 'కాదు' అందో ఆ భయం ఇక్కడ ఒక మనిషి బతుకులో పూర్తిగా జరిగింది.

తేదీలు చూడండి. రసెల్ హైదరాబాదుకి రెసిడెంటుగా ఉన్నది 1811 నుంచి 1820 దాకా. సరిగ్గా రీజెన్సీ కాలం. ఖైరున్నీసా చివరికి హైదరాబాదు తిరిగొచ్చి, ముప్పై నిండకుండానే 1813 సెప్టెంబర్ 22న కన్నుమూసింది. ఆ ఏడు జనవరిలోనే లండన్‌లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' వచ్చింది. ఎలిజబెత్, డార్సీ మేడ పెంబర్లీని మొదటిసారి చూసి, ఆ ఇంటికి యజమానురాలు కావడం అంటే ఏమిటో ఆలోచించే ఘట్టం ఆ నవల గుండెకాయ. తన భర్త కట్టించిన మేడ ముఖాన్ని ఖైరున్నీసా ఏ రోజైనా ఎదురుగా నిలబడి చూసిందా?

లండన్‌లో హైదరాబాదు పిల్ల

ఇక ఆ కూతురు. సాహిబ్ బేగం ఇంగ్లండ్‌లో దిగాక కేథరిన్ అరోరా కిర్క్‌పాట్రిక్ అయింది. అందరూ కిటీ అనేవారు. 1806లో లండన్‌లో బాప్తిస్మం ఇచ్చారు. తాతగారింట్లో పెరిగింది. హైదరాబాదుతో ఉత్తరాలు నడవనివ్వలేదు. తొమ్మిదో ఏట రీజెన్సీ మొదలైంది, పద్దెనిమిదో ఏట ముగిసింది. ఆస్టిన్ నాయికలు తొక్కిన నేల మీదే, వాళ్ల గౌన్లలాంటి గౌన్లు వేసుకుని, ఈ హైదరాబాదులో పుట్టిన పిల్ల పెరిగి పెద్దదైంది. పేరు మార్చి, భాష మరిపించి, దూరదేశపు ఇంట్లో పెంచిన రాకుమారి అని ఏ కథలోనైనా రాస్తే కల్పన అంటారు.

1820ల్లో థామస్ కార్లైల్ అనే పేద స్కాట్లండ్ యువకుడు, ఒక కుటుంబంలో పిల్లలకి ట్యూషన్ చెప్పుకునేవాడు, ఆమెని చూసి మనసు పారేసుకున్నాడు. తర్వాత గొప్ప రచయిత అయ్యాడు. ఆయన 'సార్టార్ రిసార్టస్'లో బ్లూమీన్ అనే పాత్ర కిటీయే అని చాలామంది నమ్మకం. ఆమె 1829లో సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న జేమ్స్ విన్స్‌లో ఫిలిప్స్‌ని పెళ్లి చేసుకుంది. డబ్బున్న పిల్ల, చేతిలో పెన్ను తప్ప ఏమీ లేని ట్యూటరు, యూనిఫారంలో అందగాడు. ఎలోయిసా జేమ్స్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ ఆమె కథలో నన్ను పట్టుకున్నది ఈ పెళ్లి కాదు. చాలా ఏళ్ల తర్వాత బెర్క్‌షైర్‌లో స్వాలోఫీల్డ్ పార్క్ అనే మేడకి కిటీ ఎవరితోనో కలిసి వెళ్లింది. అది హెన్రీ రసెల్ ఇల్లు. లోపల గోడ మీద ఒక బొమ్మ. మెట్ల మీద ఇద్దరు పిల్లలు, హైదరాబాదీ దుస్తులు. ఆమె అక్కడే ఏడ్చేసింది. ఆ బొమ్మ తర్వాత ఆమెకే చేరింది. అమ్మమ్మ షరఫున్నీసా హైదరాబాదులో ఇంకా బతికే ఉందని తెలిసింది. 1840ల్లో ఇద్దరి మధ్యా ఉత్తరాలు మొదలయ్యాయి. మనవరాలు ఇంగ్లిషులో రాసేది, అమ్మమ్మ పారసీలో చెప్పి రాయించేది. మధ్యలో అనువాదం చేసి పంపింది రెసిడెన్సీలోని ఒక ఉద్యోగి. కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ మేడ గుండానే ఖైరున్నీసా తల్లి మాటలూ కూతురి మాటలూ ఒకరికొకరికి చేరాయి.

మొదటి ఉత్తరంలో కిటీ తనకి గుర్తున్నవి చెప్పింది. దర్జీలు కూర్చుని కుట్టే చోటు. ఇంటి పైకప్పు మీద అమ్మ తనని జారనిచ్చిన జాగా. తాము వెళ్లిపోతుంటే అమ్మ జుట్టు పీక్కుంటూ ఏడ్చిన చోటు. ఆ జుట్టులో ఒక్క కుచ్చు దొరికితే ఏమైనా ఇస్తానంది. కలలో అమ్మ కనిపిస్తుందట. పట్టలేని సంతోషమట. అయితే తను మాట్లాడే ఇంగ్లిషు అమ్మకి అర్థం కాదట. మూడేళ్లప్పుడు వెళ్లిపోయిన పిల్ల, నలభైకి అటూఇటూగా రాసిన మాటలు ఇవి.

మొన్న ఆదివారం అబిడ్స్‌లో మళ్లీ ఎలోయిసా జేమ్స్ పుస్తకం ఒకటి కొన్నాను. అట్ట మీద అదే స్తంభాల మేడ. యాభై ఇచ్చి సంచిలో వేసుకున్నాను. నేను ఈ పుస్తకాలు ఎందుకు చదువుతానో అక్కడే, ఫుట్‌పాత్ మీద నిలబడి కొంత అర్థమైంది. మేడలోకి వెళ్లిన అమ్మాయిని అవి మేడలోనే ఉంచుతాయి. ఆమె చేతిలో తాళంచెవి పెడతాయి, పిల్లల్ని ఆమె ఒళ్లోనే ఉంచుతాయి. ఖైరున్నీసాకి ఎవరూ అలా రాయలేదు. కిటీని గురించి తెలుగులో ఒక్క నవలైనా నా కంట పడలేదు. ఆ దర్జీలు మాట్లాడుకున్న భాషల్లో తెలుగు కూడా ఉండి ఉంటుంది కదా. ఆ మూడేళ్ల పిల్ల చెవిలో పడి ఉంటుంది కదా.

ఇంతకు ముందొకసారి అనుమతి తీసుకుని రెసిడెన్సీ తోటలోకి వెళ్లాను. ఆడవాళ్లుండే రంగ్‌మహల్‌ని 1860లో కూలగొట్టించేశారు. ఒక ద్వారం మిగిలింది. దాని పక్కనే మరమ్మతు చేసిన చిన్న మేడ. ఇద్దరు విద్యార్థినులు దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని కిటికీల్లోంచి లోపలికి తొంగి చూస్తున్నారు. ఒకమ్మాయి, "లోపల ఏముంది?" అని అడిగింది. రెండో అమ్మాయి తల ఇంకా దగ్గరికి పెట్టి, చేత్తో ఎండ అడ్డుకుని, చాలాసేపు చూసింది.

"పైకి ఎక్కే మెట్లున్నాయి," అంది.